ముందు జీతాలు, తర్వాతే స్ట్రైకర్: హైదరాబాద్ ఎఫ్‌సీ లెక్క

ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడింది ఆరు సీజన్లు. తొలి సీజన్ 2019-20లో పది జట్లలో పదో స్థానం. 2022 మార్చి 20న లీగ్ ఛాంపియన్. 2023-24లో పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. 2025 అక్టోబరులో పేరు మార్చుకుని, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా రాజధానికి తరలిపోయింది. అడుగు నుంచి పైకి రావడానికి రెండేళ్లు పడితే, పై నుంచి కిందికి పోవడానికి ఒక్క ఏడాది సరిపోయింది.

ఈ ఆరేళ్లూ గచ్చిబౌలి గ్యాలరీల్లో, ఫోన్లలో నడిచిన వాదనలు దెబ్బతిన్న ఏ జట్టు చుట్టూ అయినా వినిపించేవే. పెద్ద పేరున్న విదేశీ స్ట్రైకర్‌ను తేవాలని కొందరు, కోచ్‌ను పంపేయాలని కొందరు. కుర్రాళ్లను నమ్ముకోవాలని ఇంకొందరు. మన ఊరి పిల్లలు జట్టులో ఎందుకు లేరని అందరూ. వీటిలో ఏదీ పూర్తిగా తప్పు కాదు. అయితే ఏది ముందు, ఏది వెనక అన్న సంగతి ఎవరూ తేల్చరు. హైదరాబాద్ ఎఫ్‌సీ ఈ మందులన్నిటినీ ఏదో ఒక ఏడాది మింగి చూసింది కాబట్టి, ఏది ఎప్పుడు పని చేసిందో చూడటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

పేరున్న విదేశీయుల సంగతి ముందు తేల్చేద్దాం. ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడ్డాక దాని స్థానంలో 2019 ఆగస్టులో హైదరాబాద్ క్లబ్ పుట్టింది. సీజన్ మొదలవడానికి చేతిలో ఉన్నది రెండు నెలలు. పుణె నుంచి వచ్చిన మార్సెలిన్యో, బ్రెజిల్ స్ట్రైకర్ బోబో, ఇంగ్లండ్‌లో ఆడి వచ్చిన మాథ్యూ కిల్గాలన్, జైల్స్ బార్న్స్. కాగితం మీద మంచి జాబితానే. కోచ్ ఫిల్ బ్రౌన్ ఒకప్పుడు హల్ సిటీని ప్రీమియర్ లీగ్‌కు చేర్చిన మనిషి. మొదటి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో 0-5తో ఓటమి. 18 మ్యాచ్‌ల్లో గెలిచినవి రెండు, డ్రా అయినవి నాలుగు, ఓడినవి పన్నెండు, మొత్తం 10 పాయింట్లు. మార్సెలిన్యో ఏడు గోల్స్ కొట్టాడు, కానీ జట్టు సమర్పించుకున్నది 39. మ్యాచ్‌కు రెండుకు పైగా గోల్స్ ఇచ్చే జట్టులో ముందు వరుసలో ఎవరు నిలబడినా పట్టికలో తేడా రాదు. ఆ ఏడాది అభిమానులు అడిగింది మాత్రం ఇంకో స్ట్రైకర్‌నే. ఇది సహజం, గోల్ కొట్టేవాడు కళ్లకు కనిపిస్తాడు, డిఫెన్స్‌లో ఒక పక్కన నిలబడి గోల్ పడకుండా ఆపే ఫుల్‌బ్యాక్ కనిపించడు.

2020లో జరిగిన మరమ్మతు అసలైన పాఠం. బ్రౌన్‌ను జనవరిలో తప్పించారు. తర్వాతి సీజన్ నుంచి బాధ్యత తీసుకుంటాడని స్పెయిన్‌కు చెందిన ఆల్బర్ట్ రోకాను ప్రకటించారు. అంతకుముందు బెంగళూరు ఎఫ్‌సీని ఆసియా క్లబ్బుల పోటీ ఏఎఫ్‌సీ కప్‌లో ఫైనల్ దాకా నడిపించిన కోచ్ ఆయన. తీరా ఆగస్టులో బార్సిలోనా నుంచి పిలుపొస్తే రోకా వెళ్లిపోయాడు. సీజన్ దగ్గరపడ్డాక కోచ్ లేకుండా పోవడం అంటే మామూలుగా అంతా మళ్లీ మొదటికి రావడమే. క్లబ్ ఇక్కడ దారి మార్చలేదు. అదే స్పెయిన్ నుంచి, బంతిని కింద ఆడించే అదే తరహా కోచ్ మనోలో మార్కేజ్‌ను తెచ్చింది. మనిషి మారినా ప్రణాళిక మారలేదన్నమాట. కోచ్‌ను మార్చాలా వద్దా అని వాదించేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి: కోచ్ మారినప్పుడల్లా ఆట తీరు కూడా మారిపోతే, కొత్త కోచ్‌కు పనికిరాని ఆటగాళ్లు ఎనిమిది మందో పది మందో జట్టులో మిగిలిపోతారు. వాళ్ల జీతాలు మాత్రం నడుస్తూనే ఉంటాయి.

మార్కేజ్ మొదట గోల్స్ పడకుండా చూసుకున్నాడు. 2020-21లో 20 మ్యాచ్‌ల్లో ఆరు గెలుపులు, పదకొండు డ్రాలు, మూడు ఓటములు. 29 పాయింట్లతో ఐదో స్థానం. ఛాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్ పట్టికలో తొలి నాలుగు జట్లకే, కాబట్టి అది దక్కలేదు. పదకొండు డ్రాలేమిటని చాలామంది విసుక్కున్నారు. కానీ ముందటి ఏడాది 18 మ్యాచ్‌ల్లో 39 గోల్స్ ఇచ్చిన జట్టు, ఈసారి 20 మ్యాచ్‌ల్లో ఇచ్చింది 19. అంటే సగానికన్నా తక్కువ. దెబ్బతిన్న జట్టు కోలుకునే తొలి ఏడాది ఇలాగే ఉంటుంది, ఉండాలి కూడా. ఓటములు ముందు డ్రాలవుతాయి, డ్రాలు ఆ తర్వాత గెలుపులవుతాయి. ఈ మధ్య మెట్టును దాటేసి, ఒక్క వేసవిలో ఓటములను గెలుపులుగా మార్చబోయే క్లబ్బులే ఎక్కువగా బోర్లాపడతాయి.

ఆ డిఫెన్స్‌లో నిలబడ్డవాళ్లు ఎవరన్నది ఇంకా ముఖ్యం. ఎడమ ఫుల్‌బ్యాక్ ఆకాశ్ మిశ్రా. సీజన్ మొదలయ్యేనాటికి వయసు పద్దెనిమిదే. కుడివైపు ఆశిష్ రాయ్. మధ్యలో చింగ్లెన్‌సానా సింగ్, అతని పక్కన ఒక విదేశీయుడు. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి, అప్పటికే ముప్పై దాటినవాడు. వింగ్‌లలో లిస్టన్ కొలాసో, హలిచరణ్ నార్జరీ, మహమ్మద్ యాసిర్. విదేశీయులు కొందరు గాయాలతో దూరమైన రోజుల్లోనూ జట్టు చెదరలేదు, ఎందుకంటే అసలు నడుము భారతీయ ఆటగాళ్లదే.

దీనికి కాలం కూడా కలిసొచ్చింది. 2020-21 దాకా మైదానంలో ఒక్కో జట్టు ఐదుగురు విదేశీయులను ఆడించే వీలుండేది. 2021-22 నుంచి ఆ సంఖ్య నాలుగుకు తగ్గింది. జట్టు మొత్తంలో ఆరుగురికి మించకూడదు. పదకొండు మందిలో ఏడుగురు భారతీయులు తప్పనిసరి అయ్యారు. నలుగురు మంచి విదేశీయులు అందరికీ దొరుకుతారు. ఆ ఏడుగురిలో బలహీనమైన ఐదో, ఆరో, ఏడో ఆటగాడు ఎంత బాగా ఆడతాడన్నదే పట్టికలో తేడా తెస్తుంది. మిగతా జట్లు ఆ వేసవిలో భారతీయ ఫుల్‌బ్యాక్‌ల కోసం వెతుక్కుంటుంటే, హైదరాబాద్ దగ్గర ఒక సీజన్ కలిసి ఆడిన జంట సిద్ధంగా ఉంది. దేశంలో డిఫెన్స్ మధ్యలో ఆడే నాణ్యమైన భారతీయ సెంటర్‌బ్యాక్‌లూ స్ట్రైకర్లూ కొరత కాబట్టి విదేశీ స్థానాలను డిఫెన్స్ మధ్యలో ఒకటి, డిఫెన్స్ ముందు నిలబడే మిడ్‌ఫీల్డర్‌కు ఒకటి, సృజనాత్మక మిడ్‌ఫీల్డర్‌కో రెండో ఫార్వర్డ్‌కో ఒకటి, స్ట్రైకర్‌కు ఒకటి వాడటం ఈ లీగ్‌లో తెలివైన పంపకం. వింగ్‌లోనో ఫుల్‌బ్యాక్‌గానో విదేశీయుణ్ని ఆడించే జట్టు ఆ ఖాళీని ఇంకెక్కడో ఖరీదు పెట్టి పూడ్చుకోవాల్సి వస్తుంది.

స్ట్రైకర్ వచ్చింది రెండో ఏడాదిలో. 2021 వేసవిలో బార్తలోమ్యూ ఓగ్బెచె చేరాడు. వయసు 36, సీజన్ మొదలయ్యేసరికి 37. వయసు చూసి పెదవి విరిచినవాళ్లు లేకపోలేదు. అతను 18 గోల్స్‌తో, అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ గెలిచాడు. గమనించాల్సింది అతని చరిత్ర: అప్పటికే నార్త్‌ఈస్ట్, కేరళ, ముంబయి జట్లకు ఇదే లీగ్‌లో ఆడాడు. డిఫెండర్ హువానన్ బెంగళూరు నుంచి, ఎడు గార్సియా కోల్‌కతా నుంచి వచ్చారు. ఇక్కడి ఉక్క, ఇక్కడి పిచ్‌లు, రిఫరీలు, మూడునాలుగు రోజులకో మ్యాచ్ వాళ్లకు కొత్త కాదు. తొలిసారి భారత్ వచ్చే విదేశీయుడు సర్దుకునేలోపు సీజన్‌లో మూడో వంతు గడిచిపోతుంది. ఫలితం 20 మ్యాచ్‌ల్లో 43 గోల్స్, 38 పాయింట్లు, రెండో స్థానం. గోవాలోని ఫతోర్దాలో జరిగిన ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్ ముందుగా గోల్ కొడితే, 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. షూటౌట్‌లో కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 3-1తో కప్పు. స్కోరు సమం చేసిందీ, పెనాల్టీలు ఆపిందీ భారతీయులే.

మధ్యలో ఇంకో సంగతి జరిగింది. లిస్టన్ కొలాసోను ఆ వేసవిలోనే ఏటీకే మోహన్ బగాన్‌కు అమ్మేశారు. తొలి ఏడాది అంతగా మెరిసిన కుర్రాణ్ని వదులుకున్నందుకు అభిమానులు మండిపడ్డారు. కానీ మన దేశంలో చాలామంది ఆటగాళ్లు ఒప్పందం ముగిశాక ఉచితంగా వెళ్లిపోతారు. ఒప్పందంలో ఉండగా అమ్మి రుసుము రాబట్టడం అరుదు. వింగర్‌ను అమ్మి నడుమును నిలబెట్టుకోవడం సరైన బేరమేనని ఆ సీజన్ ముగిసేసరికి తేలింది.

ఈ కథలో అదృష్టం వాటా కూడా చెప్పుకోవాలి. కోవిడ్ వల్ల 2020-21, 2021-22 సీజన్లు మొత్తం గోవాలోనే జరిగాయి. ప్రయాణాలు లేవు, సొంత మైదానం ఒత్తిడి లేదు. కోచ్‌కు ఆటగాళ్లతో నెలల తరబడి ఒకేచోట గడిపే అవకాశం దొరికింది. అదే అదృష్టం రెండోవైపు కోసింది. క్లబ్ తన స్వర్ణయుగంలో సగం హైదరాబాద్‌కు దూరంగా గడిపింది. టికెట్ల ఆదాయం సున్నా. ఛాంపియన్ జట్టు గచ్చిబౌలిలో మళ్లీ అడుగుపెట్టింది 2022 అక్టోబరులో. ఐదుసార్లు వరసగా రోవర్స్ కప్ గెలిచిన సిటీ పోలీస్ జట్టు ఊరు ఇది. 1951, 1962 ఏషియన్ గేమ్స్ స్వర్ణాలు తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఊరు. అయినా కొత్త తరానికి క్లబ్‌ను అలవాటు చేయాల్సిన రెండేళ్లు ఖాళీగా పోయాయి. డెక్కన్ లెజియన్ లాంటి అభిమాన బృందాలు ఉన్నా, స్టేడియం నిండేంత జనం తయారు కాలేదు. టీవీ హక్కుల వాటా, స్పాన్సర్లు, యజమాని జేబు: ఈ మూడే మిగిలాయి. అందులో మూడోదే పెద్దది.

ఇక్కడే అసలు లెక్క మొదలవుతుంది. ఆ ఏళ్లలో లీగ్ జీతాల పరిమితి జట్టుకు 16.5 కోట్ల రూపాయలు. మినహాయింపులు పక్కనపెట్టి పన్నెండు నెలలకు పంచితే నెలకు దాదాపు 1.37 కోట్లు. దీనిపైన కోచింగ్ సిబ్బంది, విమానాలు, హోటళ్లు, స్టేడియం ఖర్చు, కుర్రాళ్ల జట్లు. పరిమితి మేరకు ఖర్చు పెట్టే క్లబ్ రెండు నెలలు ఆగితే ఆటగాళ్ల బకాయే 2.75 కోట్లు. ఫిఫా నిబంధనల ప్రకారం రెండు నెలల జీతం అందని ఆటగాడు క్లబ్‌కు లిఖితపూర్వకంగా తెలిపి, కనీసం పదిహేను రోజులు గడువిచ్చి, అప్పటికీ డబ్బు రాకపోతే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. ఆ పైన ఫిఫాకు వెళ్లి పరిహారం అడగొచ్చు. తీర్పు వచ్చాక 45 రోజుల్లో చెల్లించకపోతే కొత్త ఆటగాళ్లను నమోదు చేయకుండా నిషేధం పడుతుంది. అది గరిష్ఠంగా వరుసగా మూడు బదిలీ విండోల (ఆటగాళ్లను నమోదు చేసుకునే గడువుల) దాకా సాగొచ్చు. నిషేధం అంటే డబ్బు పెట్టి కొనలేకపోవడం ఒక్కటే అనుకుంటారు. ఉచితంగా వచ్చేవాణ్ని కూడా నమోదు చేయలేరు. సంక్షోభంలో ఉన్న జట్టుకు అంతకన్నా గట్టి దెబ్బ లేదు.

2022-23లో హైదరాబాద్ 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానంలో నిలిచింది. 20 మ్యాచ్‌ల్లో ఇచ్చిన గోల్స్ 16. సెమీఫైనల్ రెండు మ్యాచ్‌లూ 0-0. ఏటీకే మోహన్ బగాన్ చేతిలో షూటౌట్‌లో ఓటమి. పట్టిక చూస్తే దేశంలోనే పదిలమైన జట్టు. ఆ వేసవిలో మార్కేజ్ ఎఫ్‌సీ గోవాకు వెళ్లాడు. ఆకాశ్ మిశ్రా ముంబయికి, నార్జరీ బెంగళూరుకు, హావియెర్ సివెరియో, బోర్హా హెరెరా ఈస్ట్ బెంగాల్‌కు. ఓగ్బెచె కూడా లేడు. ఆశిష్ రాయ్ అంతకు ఏడాది ముందే మోహన్ బగాన్‌కు వెళ్లిపోయాడు. అంటే కప్పు గెలిచిన ఫుల్‌బ్యాక్‌లు ఇద్దరూ లేరు. కొత్తగా వచ్చిన విదేశీయుల్లో ఎక్కువమందికి ఇక్కడి అనుభవం లేదు. ఆ పైన బకాయిలు, బదిలీ నిషేధం. సీజన్ సగంలో విదేశీయులు ఒక్కొక్కరే జట్టు వదిలి వెళ్లిపోయారు, భారతీయులు కొందరు జనవరిలో వేరే జట్లకు మారారు. మిగిలింది దాదాపుగా రిజర్వ్ జట్టు కుర్రాళ్లు.

ఫలితం 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు. అదీ మార్చిలో, చెన్నైయిన్ మీద. ఐదు డ్రాలు, పదహారు ఓటములు, 8 పాయింట్లు.

కుర్రాళ్లకు ఛాన్స్ ఇవ్వాలనే వాదనకు ఈ సీజన్ కఠినమైన జవాబు. 2020-21లో కుర్రాళ్లు వెలిగారు, 2023-24లో నలిగిపోయారు. ప్రతిభలో తేడా ఉండొచ్చు, కానీ పెద్ద తేడా చుట్టూ ఉన్నవాళ్లలో ఉంది. ఆకాశ్ మిశ్రా పక్కన అనుభవమున్న సెంటర్‌బ్యాక్, ముందు జోవావ్ విక్టర్ లాంటి మిడ్‌ఫీల్డర్, వెనక కట్టిమణి ఉండేవాళ్లు. పద్దెనిమిదేళ్లవాడు తప్పు చేస్తే సరిదిద్దేవాళ్లు ముగ్గురున్నారు. అదే పదకొండు మందిలో ఎనిమిది మంది కుర్రాళ్లయితే ఒకరి తప్పును సరిదిద్దాల్సిన మనిషి కూడా అదే వయసువాడు. కుర్రాళ్లు నిలదొక్కుకోవాలంటే ఒకేసారి ముగ్గురు, మహా అయితే నలుగురు. వాళ్ల చుట్టూ ఏడుగురు పెద్దవాళ్లు.

కోచ్ వాదనకూ ఇక్కడే జవాబుంది. ఆ సీజన్‌ను నడిపిన తాంగ్‌బోయ్ సింగ్టో అంతకుముందు మార్కేజ్‌కు సహాయకుడు. క్లబ్‌ను లోపలి నుంచి తెలిసినవాడు, కుర్రాళ్లను తీర్చడంలో పేరున్నవాడు. పాత ఆట తీరును కొనసాగించే మనిషినే పెట్టాలని అభిమానులు కోరేది సరిగ్గా ఇలాంటివాణ్నే. ప్రణాళిక కొనసాగింది, అమలు చేసే ఆటగాళ్లు లేకపోయారు. ఆ ఏడాది వెనక నలుగురు డిఫెండర్లతో ఆడే 4-2-3-1 అమరిక బదులు ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లను ఆడించి ఉంటే ఎలా ఉండేదన్న చర్చలో రాత్రులు గడిచాయి. జీతం రాని డ్రెస్సింగ్ రూమ్‌కు ఫార్మేషన్ మందు కాదు.

యాజమాన్యం మారినా వెంటనే ఎందుకు కోలుకోలేదన్నది తర్వాతి ప్రశ్న. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను తీసుకుంది. డబ్బు వచ్చింది, విదేశీయులు వచ్చారు. అయినా 2024-25లో పదమూడు జట్లలో పన్నెండో స్థానం, 18 పాయింట్లు. డిసెంబరులో సింగ్టోను తప్పించి షమీల్ చెంబకత్‌కు పగ్గాలిచ్చారు. మార్పు పెద్దగా రాలేదు. కారణం క్యాలెండర్‌లో ఉంది. ఐఎస్‌ఎల్ ఒప్పందాలు సాధారణంగా మే 31తో ముగుస్తాయి. ఒప్పందం ముగియడానికి ఆరు నెలలుండగానే ఆటగాడు కొత్త క్లబ్‌తో సంతకం చేయొచ్చు. అంటే డిసెంబరు నుంచే. మంచి భారతీయ ఆటగాళ్ల బేరాలు చాలావరకు డిసెంబరు, ఫిబ్రవరి మధ్యలోనే మాటైపోతాయి. ఆ నెలల్లో అప్పుల్లో ఉన్న క్లబ్ రెండుసార్లు నష్టపోతుంది: ఉన్నవాళ్లు వేరేచోట సంతకం చేస్తారు, కొత్తవాళ్లు ఇటు చూడరు. ఆగస్టులో డబ్బు తెచ్చిన యజమానికి విదేశీయులు దొరుకుతారు, ఎందుకంటే ప్రపంచం పెద్దది. ఫస్ట్ చాయిస్ భారతీయ ఫుల్‌బ్యాక్ మాత్రం దొరకడు. పదకొండులో ఏడు స్థానాలు నింపాల్సింది మిగిలిపోయినవాళ్లతోనే.

కాబట్టి అట్టడుగు జట్టు కోలుకుంటోందో లేదో తెలుసుకోవడానికి జూన్‌లో ప్రకటించే స్ట్రైకర్ పేరు చూసి లాభం లేదు. జనవరిలో ఎంతమంది భారతీయ ఆటగాళ్లు ఒప్పందాలు పొడిగించుకున్నారో చూడాలి. జట్టు పట్టికలో చివరన ఉండగా కూడా ఆటగాడు రెండేళ్లకు సంతకం పెట్టాడంటే జీతం సమయానికి వస్తోందని అర్థం. ఇంతకన్నా నమ్మదగిన ఆర్థిక నివేదిక అభిమానికి అందదు. ఒప్పందాల గడువులు ఎలా ఉన్నాయన్నది రెండో గుర్తు. ఇరవై ఐదు మందిలో పదిహేను మంది ఒప్పందాలు ఒకే మే నెలలో ముగుస్తుంటే, ఆ క్లబ్ ఒక్క చెడ్డ శీతాకాలంలో ఖాళీ అయిపోగలదు. ఏ ఏడాదీ ఎనిమిది మందికి మించి గడువు తీరకుండా పరుచుకోవాలి. మూడోది, తొలి పది మ్యాచ్‌ల్లో ఎన్ని గోల్స్ కొట్టారని కాదు, ఇచ్చిన గోల్స్ ముందటికన్నా తగ్గాయా అన్నది.

మన ఊరి పిల్లల సంగతి మిగిలింది. అది న్యాయమైన కోరికే, కానీ దాని గడియారం వేరు. పదమూడేళ్ల పిల్లవాడు అకాడమీలో చేరి ఐఎస్‌ఎల్ స్థాయికి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. హైదరాబాద్ ఎఫ్‌సీ మొత్తం ఆయుష్షే ఆరు సీజన్లు. 2020లో జర్మనీ క్లబ్ బొరుస్సియా డోర్ట్‌మండ్‌తో భాగస్వామ్యం కుదిరింది. మంచిదే, కానీ అలాంటి ఒప్పందాల పంట చేతికొచ్చేలోపే క్లబ్ ఊరు దాటింది. నిజానికి ఆకాశ్ మిశ్రా కూడా ఫెడరేషన్ జట్టు ఇండియన్ ఆరోస్‌లో ఆడి వచ్చినవాడే తప్ప ఇక్కడ పెరిగినవాడు కాదు. తొలి మూడేళ్ల మరమ్మతులో అకాడమీని లెక్కలోకి తీసుకోకూడదు. అలాగని దాని బడ్జెట్‌ను కోసి స్ట్రైకర్ జీతానికి మళ్లించనూ కూడదు. కష్టకాలంలో క్లబ్బులు మొదట కోసేది దాన్నే.

ఊళ్లో మిగిలిన పెద్ద క్లబ్ శ్రీనిధి డెక్కన్. అజీజ్‌నగర్‌లో సొంత మైదానం, సొంత అకాడమీ ఉన్నాయి. ఐఎస్‌ఎల్‌కు కింది అంచె ఐ-లీగ్‌లో 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానం. ఆ రెండేళ్లూ మొదటి స్థానంలో నిలిచినవాళ్లే ఐఎస్‌ఎల్‌కు ఎక్కారు: ముందు పంజాబ్, తర్వాత మహమ్మదన్. ఎక్కిన తొలి సీజన్‌లోనే మహమ్మదన్ 13 పాయింట్లతో అందరికన్నా చివరన నిలిచింది. జీతాలు ఆలస్యమై ఆటగాళ్లు శిక్షణకు రాని రోజులు అక్కడా ఉన్నాయి.